నిలిచిన గుండె

"తలుపు నువ్వే తీసినావా?" అని అడిగింది నారాయణమ్మ.

తవిటమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. తల తిప్పకుండానే, తీశానని చెప్పింది.

చిన్నకొడుకు చినబాబు చాప ఖాళీగా ఉందని అంతకు ముందే అతని భార్య తాయారు వచ్చి చెప్పింది. చెప్పిన దగ్గర్నుంచీ ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయింది. ఐదో నెల. రాత్రి భర్త పక్కన మెలకువగానే పడుకున్నాననుకుంది. తెల్లవారుజామున ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. లేచి చూసేసరికి దండెం మీద బనీను లేదు, మనిషీ లేడు.

ఎక్కడికి వెళ్ళాడో ఎవరూ ఎవర్నీ అడగలేదు. గాంధీ జయంతి. రాజాం షావుకార్లు పెట్టిన పందెం ఇవాళే. చీపురుపల్లి రైలు గేటు దగ్గర మొదలెట్టి రాజాం బజారు దాకా పదమూడు మైళ్ళు పరుగెత్తాలి. పోయినేడు ఇదే పందెంలో, రాజాం ఇంకా రెండు మైళ్ళుందనగా, ఈ ఊరి దారి కలిసే కల్వర్టు మీద ఈ ఇంటి పెద్దకొడుకు గణపతిరావు బోర్లా పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. అతని భార్యే తవిటమ్మ.

"ఎందుకు తీసినావు?"

"తియ్యకపోతే గోడ దూకి ఎల్లేవోడు, అత్తా."

"నన్ను లేపొచ్చుగదా."

తవిటమ్మ పొయ్యిలో పుల్ల వెనక్కి లాగింది. "లేపొద్దన్నాడు. ఏడాదై రోజూ భయంతో సచ్చి బతుకుతన్నాను, ఒక్కసారి తేల్సుకుంటానన్నాడు. ఆ మొకం సూసి కాదనలేకపోనాను," అంది.

"నీకేటి? నీది పోనాదిగా," అంది నారాయణమ్మ.

తాయారు నేల చూపులు చూసింది. తవిటమ్మ లేచి, చేతులు కొంగుకి తుడుచుకుని, పెరట్లోకి వెళ్ళిపోయింది.

నారాయణమ్మకి ఆ మాట అన్నందుకు బాధ లేకపోలేదు. కానీ ఆమెకి అప్పుడు భయం తప్ప మరేదీ నిలవడం లేదు. పెళ్ళయిన కొత్తలో మామగారు కుప్ప నూర్చుతూ కళ్ళంలో కూలిపోయాడు. తరవాత భర్త, ఎడ్లకి నీళ్ళు పెడుతూ. పోయినేడు పెద్దవాడు. ఈ ఇంటి మగవాళ్ళది పిందె గుండె, ముదరకుండానే రాలిపోతుందని ఆమె నమ్మకం. పెద్దకొడుకు పోయిన దుఃఖాన్ని ఆమె ఆ ఒక్క మాట పట్టుకునే ఈదింది. రాసి పెట్టి ఉంది, మనమేం చేస్తాం అనుకుంది. కోడల్ని పల్లెత్తు మాట అనలేదు, ఇవాళ్టి దాకా.

తమ్ముడు జగన్నాధానికి కబురు వెళ్ళింది. అతను తాయారు తండ్రి కూడాను. ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. పందెం పెట్టిన షావుకార్లకి చెప్పి పందెంలోంచి పేరు తీయించేద్దామన్నాడు. చీపురుపల్లి వెళ్ళేసరికి పరుగు మొదలైపోతుందని నారాయణమ్మ అంది.

"కల్వర్టు కాడికి పద. ఆడు ఆ దారినే రావాలి. నాను అక్కడ అడ్డంగా నిలబడతాను."

"అప్పా, రోడ్డు మీద ఏటా పని? పదిమందీ సూస్తారు," అని అక్కని ఆపబోయాడు జగన్నాధం.

"సూడనీ."

తాయారు తనూ వస్తానంది. ఎవరు వద్దన్నా వినలేదు. తవిటమ్మని ఎవరూ రమ్మనలేదు. బండి ఊరు దాటాక తాయారు వెనక్కి తిరిగి చూసింది. బండి రేపిన దుమ్ములో తవిటమ్మ నడిచి వస్తోంది.

*

చీపురుపల్లి గేటు దగ్గర చినబాబు అందరికంటే వెనక వరసలో నిలబడ్డాడు.

జూటుమిల్లు కుర్రాళ్ళు కాన్వాసు బూట్లు వేసుకుని ముందు నిలబడ్డారు. కాలేజీ వాళ్ళు కొందరు, సెలవు పెట్టి వచ్చిన ఒక కానిస్టేబులు, వట్టికాళ్ళ రైతుబిడ్డలు కొందరు. ఏజెన్సీలో నక్సలైట్ల గొడవల వల్ల ఈసారి పందెం జరగదని ఆఖరి వారం దాకా అనుకున్నారు. పోలీసు వ్యాన్లు రోడ్డు మీద అటూ ఇటూ పోతూనే ఉన్నాయి. పందెం నిర్వహించే షావుకార్లు జీపులో ఒక కాంపౌండరుని కూర్చోబెట్టుకున్నారు. పోయినేడు కాంపౌండరు లేడు. ఎవరి మూలాన ఈ ఏర్పాటు వచ్చిందో చినబాబుకి తెలుసు.

విజిల్ మోగింది.

మొదటి మైలు అతను కాళ్ళతో పరుగెత్తలేదు, చెవులతో పరుగెత్తాడు. చెవులు రెండూ లోపలికి తిరిగి గుండెనే వింటున్నాయి. ఏడాదిగా అతను చేస్తున్న పని అదే. రాత్రి ఎడమపక్కకి తిరిగితే చప్పుడు వినపడుతుందని తిరగడం మానేశాడు. బస్తా ఎత్తడం మానేశాడు. తాటిచెట్టు ఎక్కడం మానేశాడు. తాయారు కడుపుతో ఉన్నానని చెప్పిన రోజు, సంతోషం కంటే ముందు, ఆ పుట్టబోయేవాడి గుండె ఎలాంటిదో అన్న ఆలోచన వచ్చింది. విజయనగరం వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాడు. గొట్టం పెట్టి చూసి ఏమీ లేదన్నాడాయన. అన్నకి మాత్రం ముందేం కనపడింది గనక? ఆ మాటతో అతనికి ధైర్యం రాలేదు. పొలంగట్ల మీద చాటుగా పరుగెత్తడం మొదలెట్టాడు. కొంచెం దూరం పోవడం, భయం వేసి ఆగిపోవడం. ఎప్పుడూ ఆగిపోవడమే.

అందరూ అతన్ని దాటుకుపోయారు. పోనిచ్చాడు.

ఊళ్ళు దాటాక రోడ్డుకి రెండు పక్కలా వరి పచ్చగా నిలబడి ఉంది. గుంటల్లో నార కోసం గోగుకట్టలు నానేశారు. ఆ కుళ్ళువాసన ముక్కుపుటాల్ని పట్టేసింది. ఊపిరి గట్టిగా తీసిన కొద్దీ ఆ వాసనే లోపలికి పోతోంది. మోపులు మోసుకొస్తున్న ఆడవాళ్ళు పక్కకి తప్పుకుని, ఎవరు తరుముతున్నారా అన్నట్టు అతని వెనక వైపు చూశారు.

నాలుగైదు మైళ్ళు గడిచాక కాళ్ళు వాటి దారి అవి చూసుకున్నాయి. అప్పుడు పక్కన ఒకడు కలిశాడు. నల్లగా, ఎముకల మీద తోలు బిగించినట్టున్నాడు. పేరు అప్పలసూరి అని, భోగాపురం పక్క సముద్రం ఒడ్డు ఊరని చెప్పాడు. కాసేపు ఇద్దరూ అడుగులో అడుగు వేస్తూ పరుగెత్తారు.

"ఊపిరలా తీస్తన్నావేటి? ఎవులైనా తరుముతన్నారేటి?" అన్నాడు అప్పలసూరి.

పోయినేడు ఇదే పందెంలో మా అన్న పోయాడని చినబాబు చెప్పాడు.

అప్పలసూరి మెల్లిగా రోడ్డుకి అవతలి వారకి జరిగిపోయి అక్కడ పరుగెత్తాడు. చావు తనకీ అంటుకుంటుందనుకున్నాడు కాబోలు. చినబాబుకి కోపం రాలేదు. ఏడాదిగా ఊళ్ళో ఎంతోమంది అతన్ని చూసి అలాగే పక్కకి జరిగారు. కొంచెం దూరం పోయాక అప్పలసూరే మళ్ళీ ఇటు వచ్చి పక్కన చేరాడు.

ఎండ ముదిరింది. తారు మెత్తబడి పాదాలకి అతుక్కుంటోంది. నోట్లో ఉమ్ము జిగురులా చుట్టుకుంది. గుండె చప్పుడు ఇప్పుడు రొమ్ములో లేదు. గొంతులో, కణతల్లో, పళ్ళ చిగుళ్ళలో కొట్టుకుంటోంది.

ఉన్నట్టుండి పక్కన అడుగుల చప్పుడు ఆగిపోయింది.

తిరిగి చూస్తే అప్పలసూరి రోడ్డు వార బోర్లా పడి ఉన్నాడు. ముఖం మట్టిలో ఉంది.

చినబాబు ఆగాడు. అన్నని అతను పడి ఉండగా చూడలేదు, ఇంటికి తెచ్చాకే చూశాడు. ఇలాగే పడ్డాడన్నమాట. వంగి చెయ్యి వెయ్యాలి, తిప్పి చూడాలి. చెయ్యి రాలేదు. ఒళ్ళంతా చెమట కారుతూనే వీపు చల్లబడిపోయింది. అలా ఎంతసేపు నిలబడ్డాడో అతనికి తెలియదు.

అప్పలసూరి మూలిగాడు. పక్కకి దొర్లి పిక్క రెండు చేతులా పట్టుకుని దాన్ని అమ్మనాబూతులూ తిట్టడం మొదలెట్టాడు. పిక్క పట్టేసింది, అంతే.

చినబాబు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నవ్వూ ఏడుపూ కాని చప్పుడేదో నోట్లోంచి వచ్చింది. జీపు వచ్చి ఆగింది. అప్పలసూరిని ఎక్కించుకుంటూ కాంపౌండరు చినబాబు ముఖం చూసి, నువ్వూ ఎక్కమన్నాడు. ఎక్కితే అయిపోతుంది. ఎవరూ ఏమీ అనరు. ఇంటికెళ్ళి అమ్మ ముందు కూర్చోవచ్చు. రాత్రయ్యాక పడుకుని మళ్ళీ రొమ్ము మీద చెయ్యి వేసుకోవచ్చు.

అతను లేచి పరుగెత్తాడు.

ఈసారి కాళ్ళు కట్టెల్లా ఉన్నాయి. ఎడమ పక్కటెముకల కింద సూదితో పొడిచినట్టు నొప్పి పుట్టింది. అడుగు పడినప్పుడల్లా పొడుస్తోంది. ఇదేనా? అన్నకి మొదట ఇలాగే వచ్చిందా? ఆ సంగతి చెప్పడానికి అన్న మిగలలేదు. పిడికిలితో అక్కడ నొక్కి పట్టుకుని పరుగెత్తాడు. ఒక చింతచెట్టు నీడ వచ్చింది, పోయింది. ఆ తరవాత దారి ఎలా గడిచిందో అతనికి గుర్తు లేదు.

కల్వర్టు కనపడింది. దాని మీద అమ్మ నిలబడి ఉంది.

*

నారాయణమ్మ రోడ్డు నడి మధ్య నిలబడింది. ముందొచ్చిన కుర్రాళ్ళందరూ ఆమెను తప్పుకుని పోయారు. జగన్నాధం బండి పక్కన, తాయారు బండిలో. తవిటమ్మ కల్వర్టు గోడ మీద ఎడంగా కూర్చుంది.

చినబాబు ఆగాడు. తల్లి దగ్గరికొచ్చి బనీను గుప్పిట పట్టుకుంది.

"ఇక్కడే ఆడి తల నా ఒళ్ళో ఎట్టుకున్నాను. నిన్నూ ఎట్టుకోమంటావేటి?"

"తప్పుకో అమ్మా. ఆగితే కాళ్ళు బిగుసుకుపోతాయి."

"బిగుసుకోనీ. బండెక్కు."

బండిలోంచి తాయారు, "బావా, రా," అంది.

చినబాబు తల్లి చెయ్యి విడిపించుకోలేదు. ఊపిరి అందక, ముక్కలు ముక్కలుగా అన్నాడు. "అన్న ఒక్కసారి పోనాడమ్మా. నాను రోజూ పోతన్నాను. ఇయ్యాల బండెక్కితే బతికినన్నాళ్ళూ ఇంతే."

"బతికుంటే సాలు నాకు."

జగన్నాధం ముందుకొచ్చి మేనల్లుడి జబ్బ పట్టుకోబోయి, ఏమనుకున్నాడో ఆగిపోయాడు. చినబాబు కళ్ళు వదిన వైపు తిరిగాయి. తవిటమ్మ ఏడాది కిందట భర్త పడిన చోటు చూస్తూ కూర్చుంది. తల ఎత్తి మరిదిని చూసింది. చాలాసేపు చూసింది.

"ఎల్లు బాబూ," అంది. "నీకేటీ అవదు."

నారాయణమ్మ గిరుక్కున తిరిగి కోడల్ని చూసింది. ఆ తిరగడంలో గుప్పిట వదులైంది. చినబాబు తల్లి పక్కనుంచి తప్పుకుని కల్వర్టు దాటేశాడు.

ఆమె వెనక నుంచి పిలవలేదు. ఆ దుమ్ములోనే చతికిలబడి, కొడుకు కనుచూపు మేర దాటేదాకా చూస్తూ ఉండిపోయింది.

*

మిగిలిన రెండు మైళ్ళూ చినబాబు ఏడుస్తూ పరుగెత్తాడు. కల్వర్టు వెనకబడింది. తను పడలేదు. పందెంలో అన్న చూడని రోడ్డు ఇది. ఇక్కణ్ణుంచి అన్న అడుగులు ముందు లేవు. నొప్పి అలాగే ఉంది, కానీ ఎక్కువ కాలేదు. రైసుమిల్లుల పొగగొట్టాలు లేచాయి, ధాన్యం బళ్ళు అడ్డొచ్చాయి, ఎవరో దారి ఇవ్వండర్రా అని కేకేశారు. బజార్లో కట్టిన దారం ఎప్పుడో ఎవరో తెంపేశారు. అతను ఎన్నోవాడో అడగలేదు.

ఒక కొట్టు అరుగు మీద వెల్లకిలా పడ్డాడు. గుండె డప్పు కొట్టినట్టు కొడుతోంది. ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అని చూస్తూ పడుకున్నాడు. ఆగలేదు. నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. మామూలైపోయింది. చివరికి, ఎంత విన్నా వినపడనంత మామూలైపోయింది. కాంపౌండరు చెయ్యి పట్టి చూసి, గుర్రం గుండెరా నీది అని నవ్వాడు.

జగన్నాధం బండి రాజాం వచ్చి అతన్ని ఎక్కించుకుంది. తాయారు దారి పొడుగునా భర్త చెయ్యి వదల్లేదు. ఏడాదిలో మొదటిసారిగా అతను బండిలోనే ఎడమపక్కకి తిరిగి నిద్రపోయాడు.

*

దీపాలు పెట్టే వేళకి వాకిట్లో జనం చేరారు. చినబాబు అరుగు మీద గోడకి చేరగిలబడ్డాడు. నడుం కింద నుంచి ఒళ్ళు తనది కానట్టుంది. పక్కింటి అసిరమ్మ దిష్టి తీసింది. కాంపౌండరు గుర్రం గుండె అన్నాడని జగన్నాధం పదిసార్లు చెప్పాడు.

నారాయణమ్మ వచ్చి కొడుకు ముందు కూర్చుంది. వంగి అతని రొమ్ము మీద చెవి ఆనించింది. ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు వింది. కొడుకు ఆమె తల నిమిరాడు. అయిపోయింది, ఈ ఇంటికి పట్టిన భయం ఇవాళ్టితో వదిలింది అనుకున్నాడు.

ఆమె తల ఎత్తింది. ముఖంలో సంతోషం లేదు.

"గట్టిగా ఉన్నాది," అంది.

"మావ సెప్పినాడు కదమ్మా."

"పదమూడు మైళ్ళు పరిగెత్తినా ఏటీ కాలేదు. ఒక్క కడుపున పుట్టినోళ్ళు మీరిద్దరూ. ఇదే గుండె ఆడికీ ఉండాల." తనలో తను అనుకుంటున్నట్టు అంది. "మరైతే ఆడికేటయినాది?"

అప్పుడే తవిటమ్మ మరిది కాళ్ళకి కాపడం పెట్టడానికి వేణ్ణీళ్ళ గిన్నె, గుడ్డా పట్టుకుని లోపల్నుంచి వచ్చింది. వాకిట్లో జనమంతా ఆమెనే చూశారు.

"ఈడికేటీ అవదని నువ్వన్నావు," అంది నారాయణమ్మ. గొంతు పెంచలేదు. "కన్నదాన్ని, నాకే తెల్దు. నీకెలా తెల్సు?"

తవిటమ్మకి మొదట అర్థం కాలేదు. ధైర్యం చెప్పడానికి అన్నానంది.

"ఆ మాట పెద్దోడికి సెప్పలేదేం?"

అసిరమ్మ పక్కనున్న ఆవిడ చెవిలో ఏదో అంది. మెల్లిగానే అంది, కానీ అందరికీ వినపడింది. చిల్లంగి.

చేతబడి చేస్తుందనే ఆ మాట ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి మీద పడితే వాళ్ళకి ఏమవుతుందో చినబాబుకి తెలుసు. చిన్నప్పుడు పక్క ఊళ్ళో ఒక ముసలమ్మని పళ్ళు రాలగొట్టి ఊరి బయటికి ఈడ్చేశారు. ఆ సంగతి చెప్పుకుని అప్పట్లో జనం నవ్వారు కూడా.

"అమ్మా, ఏటా మాటలు? గుండె సంగతి ఎవలికి తెల్సు? అన్నది ఏరు, నాది ఏరు," అన్నాడు.

"నిన్నటిదాకా ఒకటేనని నువ్వే వొణికినావు," అంది నారాయణమ్మ.

చినబాబుకి అప్పుడు అర్థమైంది. తను బతికి రావడమే వదిన మీదికి వచ్చింది. పొద్దున్న ఆ కల్వర్టు మీద పడిపోయి ఉంటే ఈ ప్రశ్న పుట్టేది కాదు.

తవిటమ్మ గిన్నె పట్టుకుని మరిది కాళ్ళ దగ్గరికి ఒక అడుగు వేసింది. నారాయణమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ముట్టుకోకు."

తవిటమ్మ తాయారు వైపు చూసింది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ అక్కా అక్కా అని కొంగు పట్టుకు తిరిగిన పిల్ల. తాయారు ఆ చూపు తప్పించుకుంది. కడుపు మీద చెయ్యి వేసుకుని, మెల్లిగా, తండ్రి వెనక్కి జరిగింది.

జనంలోంచి ఒక మగగొంతు, కొండ దిగువ ఊళ్ళో చిల్లంగి ఎవరిదో చూసి చెప్పేవాడు ఉన్నాడనీ, ఇప్పుడు బయల్దేరితే తెల్లారేసరికి తీసుకురావచ్చనీ అంది. జగన్నాధం అక్కగారి వైపు చూశాడు. నారాయణమ్మ వద్దనలేదు. ఎవరో వెళ్ళి బండికి ఎడ్లు కడుతున్న చప్పుడు వినపడింది.

"మావా, ఆపు," అని చినబాబు అరుగు మీద రెండు చేతులూ ఆనించి లేవబోయాడు.

నడుం లేచింది. కాళ్ళు లేవలేదు.